పదకొండో చేను

పిరపోలో తెల్లవారుజామున
ఎర్రమట్టి ఇంకా చల్లగానే ఉంటుంది.
కర్రకు బిగించిన సెన్సర్‌ని భుజాన వేసుకుని
సోయా సాళ్ల మధ్య నడుస్తాను.
ఆకులకు రెండు మూరల ఎత్తున
దాని కన్ను, నేలకేసి.

ఎర్రటి వెలుగొకటి వదులుతుంది,
కంటికి ఆనని వెలుగు ఇంకొకటి.
మొదటిదాన్ని ఆకు తినేస్తుంది,
రెండోదాన్ని తిప్పికొడుతుంది.
తిన్నదెంత, వదిలిందెంత అని లెక్కగట్టి
ఒక అంకె చెబుతుంది,
ఎంగిలి పళ్లెం చూసి
ఇంట్లోవాళ్ల ఆకలి కనిపెట్టే వంటమనిషిలాగా.

చేలన్నీ తొంభై చుట్టూ తిరుగుతున్నాయి.
పదకొండోది మాత్రం
పదిగంటలకు ఎనభై నాలుగు,
ఒంటిగంటకు డెబ్భై ఒకటి.
మూడు గంటల్లో ఇంత చిక్కిపోయే పంట
ఎక్కడైనా ఉంటుందా?

మోకాళ్ల మీద కూర్చుని చూశాను.
వాన పడి పందొమ్మిది రోజులు.
ఎండ నడినెత్తికి రాగానే
ఆకులన్నీ ముఖం చాటేశాయి.
వెండిరంగు వీపులు ఆకాశానికి అప్పగించి
తడి దాచుకుంటున్నాయి.
అలిగినవాళ్లను చూసి
పస్తున్నవాళ్లనుకుంది నా యంత్రం.

"దీని వెలుగు దీనిదే, సూర్యుడితో పనిలేదు,"
అని అమ్మినవాడు చెప్పిన మాట గుర్తొచ్చి
ఆ రాత్రే మళ్లీ వెళ్లాను.
తలకు దీపం. వెనకాల తమ్ముడు దెర్లిస్,
చంకలో తెరెరే చెంబు, ఐసుముక్కల గలగల.
ఆకులు రెక్కలు వాల్చేశాయి.
సాళ్ల మధ్య నేల బయటపడింది.
అరవై ఆరు.
"నిద్రపోతున్నాయే నింఫా, మెల్లగా,"
అన్నాడు వాడు గ్వారానీలో,
పసిబిడ్డ ఉన్న గదిలో మాట్లాడినట్టు.
పప్పుచేలో నడుస్తూ నడుస్తూ
పప్పులో కాలేశానన్నమాట.

పొద్దున్నే కుదో గారు పార పట్టుకొచ్చారు.
ఒక మొక్కను మట్టిగడ్డతో సహా పెళ్లగించి
వేరు బుడిపెను గోటితో చీల్చారు.
లోపల లేతగులాబీ,
చంటివాడి చిగుళ్ల రంగు.
"గాలిని అన్నం చేసుకునే పొయ్యి ఇది,
ఇంకా ఆరలేదు. నత్రజని అక్కర్లేదు."
మరి అడుగున ఈ ముసలాకులేమిటి?
అంచుల వెంట పసుపు,
ఎవరో ఓపిగ్గా గీత గీసినట్టు.

"పొటాష్," అన్నాను.
యంత్రం చిక్కిపోయిందని చెప్పగలదు గానీ
దేనికోసమో చెప్పలేదు.

ఆయన పార మీద చెయ్యి ఆనించి
గట్టు వైపు చూశారు.
"ఇక్కడ మా నాన్న ఏడేళ్లు గడ్డి పెంచాడు.
గుర్రాలవాళ్లకు అమ్మేవాడు.
కోసిందల్లా బండెక్కి పోయింది,
తిరిగి పేడైనా రాలేదు.
ఆ డబ్బుతోనే నా చదువు."
అంతకంటే ఏమీ అనలేదు.
శనివారం రావలసిన మందుబండిని వద్దన్నారు.
పొటాష్ బస్తా ధర ఎంతని ఫోన్‌లో అడిగారు,
విన్నారు, పెట్టేశారు,
చేతికంటిన మట్టిని చాలాసేపు దులుపుకున్నారు.

సహకార సంఘం వాళ్ల టాబ్లెట్‌లో
చేనుకు ఒకే గడి.
మూడు అంకెలు రాస్తే ఎర్రగీత పెడుతుంది.
కామా పెట్టి చూశాను, ఒప్పుకోలేదు.
దెర్లిస్ తెరెరే అందించి, తొంగిచూసి,
"ఏదో ఒకటి రాయవే, ఎండెక్కుతోంది," అన్నాడు.

ఎనభై నాలుగు అని రాశాను.
కింద, ఎవరూ చదవని గమనికల గడిలో
ముందు 'గడ్డి' అని,
తర్వాత 'పదిగంటలకు' అని,
ఇంకా చోటు మిగిలితే
'మేలుకుని ఉన్నప్పుడు' అని.