నడవా

ఎర్జురూమ్ ఆస్పత్రి, మూడో అంతస్తు.
ముప్పై మీటర్ల నడవా.
ఈ కొసన నారింజరంగు ప్లాస్టిక్ శంకువు, ఆ కొసన ఇంకోటి.
నేల మీద మూడు మీటర్లకో టేపు ముక్క.
నా చేతిలో స్టాప్‌వాచ్.

ఆరు నిమిషాలు నడవాలి, జుల్ఫినాజ్ పెద్దమ్మా,
మీకు చేతనైనంత దూరం.
"ఎక్కడికి?" అంది.
ఎక్కడికీ కాదు. అటు వెళ్ళి, మళ్ళీ ఇటు.
గానుగెద్దుకైనా నూనె వస్తుంది కదా
అన్నట్టు చూసింది.

వేలికి క్లిప్పు పెడితే అంకె రాలేదు.
గోళ్ళ నిండా నల్లబారిన గోరింట,
మొన్న మనవరాలి పెళ్ళిది.
చెవి తమ్మెకు పెట్టాను. ఎనభై తొమ్మిది.

"ఎప్పుడైనా పొగ తాగారా?"
"నేను తాగలేదు బిడ్డా, అదే నన్ను తాగింది.
నలభై ఏళ్ళు తందూరు గుంతలోకి తల వంచి
పిడకల సెగ మీద రొట్టెలంటించాను.
కిటికీ తీద్దామంటే
చంటిది గడ్డకట్టుకుపోయే చలి."
ఫారంలో 'లేదు' గడిలో టిక్కు పెట్టాను.
మూడో గడి లేదు.

మొదటి నిమిషం గట్టిగానే నడిచింది.
చేతులే అడ్డమొచ్చాయి.
నీళ్ళ డబ్బా, గడ్డిమోపు, చంకలో పిల్ల,
ఏదో ఒకటి లేకుండా ఎన్నడూ గడప దాటని మనిషి.
ఊపడం తెలీని చేతుల్ని
చివరికి నడుం వెనక ముడేసుకుంది.

నేను పక్కన నడవకూడదు.
నా అడుగు ఆమె అడుగుని తొందరపెడుతుందని నియమం.
నిమిషానికో వాక్యం, రాసిచ్చిన మాటల్లోనే:
బాగా నడుస్తున్నారు, ఇంకా ఐదు నిమిషాలు.
బాగా నడుస్తున్నారు, ఇంకా నాలుగు.
కాస్త నిదానం పెద్దమ్మా, అని నాలిక చివరిదాకా వచ్చింది.
కాగితంలో లేదు.

నాలుగో నిమిషంలో గోడకి ఆనుకుంది.
పెదాలు సున్నాలా చుట్టి
వేడి పాల మీద మీగడ ఊదినట్టు
సన్నగా, పొడుగ్గా వదిలింది ఊపిరిని.
మేం ఎనిమిది వారాలు నేర్పే విద్య అదే.
ఎవరు నేర్పారని అడగలేదు.
వాచీ నడుస్తూనే ఉంది.
ఆగినా దాన్ని ఆపకూడదు.

రెండువందల పదకొండు మీటర్లు.
కళ్ళు మూసుకుని లెక్కేసుకుంది.
"మా గుమ్మం నుంచి ఊరి కుళాయి దాకా.
పోవడానికి సరిపోద్ది.
రావడానికే."

ఎనిమిది వారాలకి అదే నడవా.
గోరింట గోళ్ళ సగానికి జరిగింది.
కిటికీ అవతల మంచు మురికిగా కరుగుతోంది.
ఈసారి రెండువందల నలభై నాలుగు.
మెరుగే, అన్నారు డాక్టరుగారు, సంతకం పెడుతూ.
నేను లెక్క చూశాను:
ఒక్క నడవా పొడుగు, పైన మూడు మీటర్లు.

"కుళాయి నుంచి వెనక్కి, గుల్దానె అరుగు దాకా," అంది.
"కూచుంటాను అక్కడ. దానికీ ఇదే దగ్గు.
ఎవరైనా డబ్బా మోసుకొచ్చేదాకా
ఇద్దరం కోడళ్ళని తిట్టుకుంటాం."

వెళ్ళేముందు మందుల సంచి అందించాను.
చేతికి బరువు తగలగానే
నడక ఎవరో గుర్తుచేసినట్టు కుదురుకుంది.

లిఫ్టు దాకా పక్కనే నడిచాను.
తొందరపడింది నేనే.