ఆరో వారం

ఇరవై ఆరేళ్ళుగా ఈ పాఠ్యప్రణాళిక టైపు చేసేది నేనే.
తార్తు నగరంలో, నదివైపు కిటికీ ఉన్న మూడో అంతస్తులో
ప్రతి ఏప్రిల్‌లోనూ అవే వారాలు, అవే అంశాలు.
పైన సంవత్సరం అంకె మార్చడమే నా పని.

ఆరో వారం: రబా నేలల నీరు తీయడం, కాలువల లోతు.
రబా అంటే మా దగ్గర నాచు మీద నాచు పడి
వేల ఏళ్ళు కుళ్ళకుండా నానిన నేల.
అడుగు వేస్తే పరుపులా దిగుతుంది,
తీస్తే నిట్టూరుస్తుంది.
దాన్ని ఎండబెట్టడం ఎలాగో
హెల్దుర్ గారు ఎంత బాగా చెప్పేవారంటే
తలుపు సందులోంచి విని నేనూ నేర్చేసుకున్నాను
కాలువకీ కాలువకీ మధ్య ఎన్ని మీటర్లో.

తర్వాత త్రీను వచ్చింది, పరిశోధనకి.
మోకాళ్ళదాకా బూట్లు, తెల్ల బకెట్లు, ఒక తీగ, చిన్న డబ్బా.
ఎండిన రబా మీద బకెట్లు బోర్లించి
నేల ఊపిరి కొలిచేది.
మూడు చలికాలాలు.
ఒకసారి నక్క తీగ కొరికేసింది,
నవంబరంతా ఖాళీ గడులు.
వాటిని ఊహించి నింపనంది.
ఖాళీగానే టైపు చేయించింది నా చేత.

లెక్క తేలింది.
ఆ నేల, తను దాచుకున్నదంతా
రాత్రింబవళ్ళు గాలిలోకి వదిలేస్తోంది,
దానిమీద నాటిన పైన్ చెట్లు తాగేదానికన్నా ఎక్కువగా.
హెల్దుర్ గారు ఆ కాగితాలు ఇంటికి పట్టుకెళ్ళారు.
మంగళవారం క్లాసులో ఆరో వారం పాఠం మొదలుపెట్టి
నీళ్ళు నమిలారు.
సుద్దముక్క విరిగింది. వంగి తీసుకోలేదు.

పాఠం మారాలంటే కమిటీ కూర్చోవాలి.
కమిటీ కూర్చుంది, కాఫీ తాగింది.
కొత్తది పెడితే ఏది తీసేస్తారు, క్రెడిట్లు ఆరే కదా, అన్నారొకరు.
ఒక్క రబా, మూడేళ్ళు, ఒక నక్క,
దీనికే పాఠం మార్చేస్తామా అన్నారు ఇంకొకరు.
అది తప్పు ప్రశ్న కాదు. త్రీను కూడా తలూపింది.
ఇంకో మూడు రబాలు కొలిచొచ్చింది.
ఒక వారం మారడానికి రెండేళ్ళు పట్టింది.
ఆ రెండేళ్ళూ పరీక్షలో పాత జవాబుకే మార్కులు.

ఒక సాయంత్రం ఆయన బీరువా తాళం అడిగారు.
పాత జవాబు పత్రాలు చింపేశామా అన్నారు.
చింపేయాలని రూలు. బద్ధకించి నేను చింపలేదు.
పందొమ్మిదేళ్ళ కిందటి కట్ట విప్పాం.
లేయిదా అనే అమ్మాయి.
నాలుగో ప్రశ్న: ఈ నేలని ఎలా బాగుచేస్తావు?
'మా అవ్వ అక్కడ క్రాన్‌బెర్రీలు ఏరుతుంది,
ముందు ఆమెని అడుగుతాను.'
పక్కన ఎర్ర సిరాతో సున్నా.
ఆయన చేతిదే. ఎంత గుండ్రంగా చుట్టారో.

ఇది జవాబని కాదు, అన్నారు చాలాసేపటికి.
మరేమిటో చెప్పలేదు.
లేయిదాకి రాసిన ఉత్తరం
చిరునామా దొరక్క నా సొరుగులోనే ఉంది.

కొత్త ప్రణాళికలో ఆరో వారం రెండో వారమైంది.
ఉపన్యాసం లేదు. బస్సు, బూట్లు, బకెట్లు.
'కోర్సు ముగిసేసరికి విద్యార్థి' అన్న గడిలో ఆయన రాసింది:
'నీరు తిరిగి నింపితే ఈ నేల
ఎన్నేళ్ళకి కోలుకుంటుందో మాకూ తెలియదు.'
కంప్యూటర్ ఒప్పుకోలేదు.
'వివరించగలరు' లాంటి మాట ఉండాలట.
మూడుసార్లు ఎర్రగా మెరిసింది.
నాలుగోసారి నేనే చివర తగిలించాను:
'ఏమి తెలియదో వివరించగలరు.'
తీసుకుంది.

నిన్న పిల్లలు తిరిగొచ్చారు, మెట్లనిండా నల్లటి నీళ్ళు.
ఊడ్చే మార్గిట్ వాళ్ళ వంశాలన్నీ ఏకరువు పెట్టింది.
ఒక కుర్రాడు తడిసిన కాగితం నా బల్ల మీద పరిచాడు.
మధ్యలో ఒక గడి ఖాళీ.
నేను తలెత్తేలోపే
'నక్క కాదండీ,' అన్నాడు, 'వాన.'