న వత్తు, య వత్తు

డాబాగార్డెన్స్ సందులో మా షీల్డుల కొట్టు.
స్టీల్ ప్లాంటులో ఉత్తమ కార్మికుడి నుంచి
కంచరపాలెం కబడ్డీ రన్నరప్పు దాకా
ఈ ఊళ్ళో ఎవరు గెలిచినా
ముందు నాకే తెలుస్తుంది,
ఒక్కోసారి మూడు రోజుల ముందు.

మా నాన్న ఉలితో చెక్కేవాడు.
నాకు లేజరు మిషను, పక్కన పాత కంప్యూటరు.
అందులో అక్షరాలు పేర్చే ప్రోగ్రాం ఉచితం.
ఊరికే వచ్చింది ఇలాగే ఉంటుంది అనేవాణ్ణి
వత్తులు విరిగినప్పుడల్లా.

విరిగేవి మరి.
లక్ష్మి కింద మావత్తు ఊడి
పక్కన పడి ఉండేది.
కృష్ణాష్టమి ఉట్టి పోటీల షీల్డు మీద
దేవుడి పేరని కూడా చూడకుండా
ష ఒక వీధిలో, ణ ఒక వీధిలో.
ఒక్కో వత్తునీ మౌసుతో పట్టి
దాని అక్షరం కిందకి ఈడ్చుకెళ్ళి పడుకోబెట్టేవాణ్ణి.
పదకొండేళ్ళు.
కళ్ళజోడు రెండుసార్లు మారింది.

ఓ శ్రావణమాసం పొద్దున
కంప్యూటరు తనంతట తనే ఏదో మార్చుకుని లేచింది.
కొట్టి చూస్తే
వత్తులన్నీ ఎక్కడివక్కడ.
మౌసు మీదకి అలవాటుగా వెళ్ళిన చెయ్యి
పని లేక ఆగిపోయింది.
ఎవరు చేశారని ఎవర్నడగను?
కరెంటొస్తే ఎవరికి దణ్ణం పెడతాం?

మొన్న ఆర్డరొచ్చింది, తొమ్మిది షీల్డులు.
సిరిపురంలో సభట,
ప్రోగ్రాములు రాసి, తాళం వెయ్యకుండా
ఊరందరికీ వదిలేసేవాళ్ళకి సన్మానం.
ఎనిమిది ఇంగ్లీషులో.
ఆఖర్ది తెలుగు:
మైలపల్లి నూకరత్నం,
తెలుగు వత్తులు నిలబెట్టినందుకు.

రెండుసార్లు చదివాను.
లేజరు ఆ పేరు మీద నడుస్తుంటే
రత్నం దగ్గర ఊపిరి బిగబట్టాను.
త కింద న వత్తు మెల్లగా దిగింది,
కన్నతల్లి ఇంట్లోకి వచ్చినట్టు.

సాయంత్రం షీల్డులకి స్కూటీ మీద ఓ అమ్మాయి.
పోర్టు ఆఫీసులో గుమస్తా, మెళ్ళో కార్డు.
తొమ్మిదీ లెక్కపెట్టింది, రెండొందలు తగ్గించమంది,
కుర్చీల వాడికి ఫోను చేసి తిట్టింది.
కార్డు మీద పేరు చదివాను.
"ఏటమ్మా, నీ షీల్డు నువ్వే మోసుకుపోతన్నావా?"
"మనిషి దొరకలేదండి."

ఆ వత్తులు నువ్వేనా అన్నాను.
"నేనొక్కదాన్నే కాదండి,
ఈరోడ్‌లో ఒకాయన, ఢాకాలో ఒకావిడ,
పేరే చెప్పని ఇంకొకరు..."
అంటూ, నేను చింపిచ్చిన రసీదు మీద ఆగిపోయింది.
"ఇదేంటండి?"

కంచర్ల సన్న్యాసిరావు. నేనే.
న కింద న, పక్కన య,
ఇరుకు సిటీ బస్సులో మోకాళ్ళలా
ఒకదాన్నొకటి తొక్కుకుంటూ.
ఒక్క న తగ్గించి రాస్తే
మా నాన్న ఒప్పుకునేవాడు కాదు.
"నా పేరే కదమ్మా, అలవాటైపోయింది" అన్నాను.

తన షీల్డు చూసినప్పుడు కూడా
అంత వెలగలేదు ఆ మొహం.
స్టూలు లాక్కుని కూర్చుంది.
వెర్షను నంబరడిగింది, ఫొటో తీసింది,
నాచేత అదే పేరు నాలుగు సైజుల్లో కొట్టించింది.
రేవులో ఓడ కూసింది.
సభకి టైమైపోతోందని నేనే గుర్తుచేశాను.
సన్మానాల సంచి నా చెప్పుల పక్కనే ఉంది,
వెళ్తూ వెళ్తూ మర్చిపోయి
మళ్ళీ వెనక్కొచ్చింది.

ఇరవై రోజులయింది.
నిన్న మా మేనల్లుడు చదివి వినిపించాడు,
కొత్త వెర్షను కింద, పేర్ల వరస చివర్న
తప్పు చూపినవారు: సన్న్యాసిరావు, డాబాగార్డెన్స్.

నేను చూపలేదు.
ఓర్చుకున్నాను, అంతే.

దానికి షీల్డు ఉండదట.
ఉప్పుగాలికి మూల నల్లబడ్డ
ఇత్తడి ముక్క ఒకటి మిగిలుంటే
ఒకే ఒక్క అక్షరం చెక్కి చూశాను: న్న్యా.
లైటు దగ్గరకి లాక్కుని
వేలితో తడిమాను.
న వత్తుకీ య వత్తుకీ నడుమ
గోరు దూరేంత చోటు.