మొదటి వద్దు

అరుగు మీద కూర్చుని లేసు అల్లుతున్నాం నలుగురం.
"ఇంకా చెప్పవే" అంటుంది సువార్తమ్మ,
దారం చూపుడువేలికి చుట్టుకుంటూ.
చెప్పిందే చెబుతున్నాను, ఆరోసారి.

ఎగ్జిబిషన్‌లో అల్లి చూపించాలని
పదకొండు రోజులు స్వీడన్ తీసుకెళ్ళారండీ నన్ను.
రాత్రి పదకొండింటికీ ఎండే.
దీపం పెట్టే వేళ రాదు,
సూది ఎప్పుడు దించాలో తెలీదు.

బస్సు ఖాళీగా ఉంది.
ముసలాయన ఒక్కడే కూర్చున్నాడు, పాపమని
వెళ్ళి పక్కన కూర్చున్నాను.
కిటికీలోకి ఒదిగిపోయాడు,
దిగేదాకా బయటికే చూశాడు.
మన సఖినేటిపల్లి పంటు మీదైతే
రేవు దాటేలోగా
నా ఇంటిపేరూ, నేను మింగే బీపీ బిళ్ళ పేరూ,
మా చిన్నది పుట్టింటికెందుకొచ్చి కూర్చుందో కూడా
రాబట్టేసేవాళ్ళు.
"ఏది బాగుందే?" అంది నూకరత్నం.
రెండూ ఇరుకే అన్నాను.

గుమ్మం దగ్గర వరసగా జోళ్ళు చూసి మాత్రం
ప్రాణం లేచొచ్చింది.
వాళ్ళూ విప్పే లోపలికెళ్తారు!

ఆ ఇంటావిడ గునిల్లా
చేపలు పెట్టింది, పంచదారా వెనిగరూ పోసి నానేసినవి.
మారు వడ్డించబోతే
మర్యాదకి "వద్దు" అన్నాను.
గిన్నె తీసేసింది.

నవ్వండి, నవ్వండి.
ఆకలితో పడుకుని ఆ వెలుతురు రాత్రంతా
కర్టెన్ వంక చూస్తూ
కోపం తెచ్చుకుందామనుకున్నాను.
రాలేదు.

మన దగ్గర మూడుసార్లు వద్దన్నా,
ఒట్టేసినా, విస్తరి మీద చెయ్యడ్డం పెట్టినా
వేళ్ళ సందుల్లోంచి వడ్డించేస్తారు.
ప్రేమే. కాదనను.
అన్నం దగ్గర ప్రేమే.
తొమ్మిదో తరగతి పుస్తకాలు మూటకట్టి
అటకెక్కించిన రోజు
నేనన్న వద్దుల్ని
ఎవరూ లెక్కపెట్టలేదు.
భాషైనా తెలీని ఊళ్ళో
ఒక్క వద్దుకి
గిన్నె వెనక్కి వెళ్ళిపోయింది.

ఇంకోటుంది. ఆ ఉత్తరాది ఊళ్ళో
అవునంటే నోరు విప్పరు.
చటుక్కున ఊపిరి లోపలికి పీలుస్తారు,
పొగలుగక్కే కాఫీ నాలిక్కి తగిలినట్టు.
గునిల్లాకి ఏమైందోనని మొదట హడలిపోయాను.
మనం "ఆయ్" అని బయటికి ఇచ్చేస్తాం.
వాళ్ళు అవునుని లోపల దాచుకుంటారు.

ఇంతలో పేర్రాజు బండి ఆగింది.
డజను గిన్నెమూతలకీ పాత రేటే అన్నాడు.
"వద్దు" అన్నాను.
రెండో వద్దు కోసం
చాలాసేపు నించున్నాడు.
నేను అల్లుకుంటున్నాను.

బండి ఏటిగట్టెక్కి మలుపు తిరిగాక
"నిజంగానే అన్నావటే?" అంది సువార్తమ్మ.
చటుక్కున ఊపిరి లోపలికి పీల్చాను.

"ఎక్కిళ్ళా? ఎవరో తలుచుకుంటున్నారే నిన్ను"
అంటూ
నీళ్ళ చెంబు అందించింది.