రెండో గుమ్మం లిఫ్టు

మా మేడలో లిఫ్టు ఎవర్నీ ఊరికే మొయ్యదు.
గోడకున్న ఇనప డబ్బాలో పది టెట్రీల బిళ్ళ పడాలి.
పడ్డాక, ముసలాయన మాత్ర మింగినట్టు
ఒక్క క్షణం ఆగి, దగ్గి,
అప్పుడు కదులుతుంది.
ఎక్కడానికే డబ్బులు. దిగడం ఊరికే.

త్బిలిసీ అంచున పదహారంతస్తుల మేడ, రెండో గుమ్మం.
డబ్బా తాళంచెవి నా మెడలో,
సిలువ పక్కన.
పన్నెండేళ్ళుగా రెండూ ఒకదాన్నొకటి గీసుకుంటున్నాయి.

శుక్రవారం పొద్దున్నే
ముక్కాలిపీట మీద కూచుని
ఒళ్ళో పిండిజల్లెడ పెట్టుకుని డబ్బా బోర్లిస్తాను.
వారమంతా ఈ తాడు పైకి లాగిన
కూరగాయల సంచులూ, చంటిపిల్లలూ, అలకలూ,
తగ్గీ తగ్గని జ్వరాలూ
గలగలమని ఒళ్ళో పడతాయి.
ఆ చప్పుడు చాలని, ఇన్నాళ్ళూ జీతం పెంచమని అడగలేదు.
(అబద్ధం. రెండుసార్లు అడిగాను.)

బిళ్ళల్లో బిళ్ళలు కానివీ ఉంటాయి.
కోటు గుండీలు. ఎక్కడిదో టర్కీ నాణెం.
ఓసారి, బస్సు టిక్కెట్లో చుట్టిన పాలపన్ను.
తొమ్మిదో అంతస్తు నూత్సా వచ్చి నిలదీసింది:
"నా పన్ను మింగి కూడా నన్ను పైకి తీసుకెళ్ళలేదు."
నడిచే ఎక్కిందట, మెట్టుకో తిట్టు చొప్పున.
న్యాయమైన ఫిర్యాదు.
పది టెట్రీలు చేతిలో పెట్టాను.
పన్ను తిరిగిస్తే మాత్రం తీసుకోలేదు.
"అది లిఫ్టుది" అంది.

ఇక వాషర్లు.
వారానికి నాలుగు, ఒక్కోసారి అయిదు.
దొంగని పట్టాలని చలికాలమంతా
మెట్ల కింద చీపురు పట్టుకు కాపలా కాశాను.
దొరికాడు వర్దెన్, పదకొండో అంతస్తు,
మూతబడ్డ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు లేతు నడిపిన మనిషి.
తిట్టడానికి నోరు తెరిచి
అతని అరచేతిలో వాషరు చూశాను.
అంచు చుట్టూ ఆకురాయి గీత ఒక్కటి లేదు.
బరువులో గింజెత్తు తేడా లేదు.
కిటికీ వైపు పట్టుకుంటే
మధ్య చిల్లులో ఓ ముక్క మబ్బు గుండ్రంగా ఆగింది.
ఒక్కోదానికి పూట పడుతుంది.
పది టెట్రీలకి పూట పనా, అని అడగబోయి
ఆ వేళ్ళు చూసి ఊరుకున్నాను.
ఖాళీగా ఉండటం ఎవరూ నేర్పని వేళ్ళు.
"ఈసారివి కాస్త పలచనైనట్టున్నాయి" అన్నాను.
చెవులదాకా ఎర్రబడి, "చూస్తాను" అన్నాడు.
ఆ వారంనించి ఇంకా బాగుంటున్నాయి.
లెక్కలో తగ్గినవి నా పర్సులోంచి వేస్తున్నాను, ఏం చెయ్యను.

మొన్న తలుపు గడగడలాడుతోందని
మెకానిక్ జుంబెర్ వచ్చాడు.
బోల్టుకి వాషరు అరిగిందట,
ఆ కొలతది ఇప్పుడెక్కడా దొరకదట.
జల్లెడ ముందుకు జరిపాను.
ఒకటి ఏరి, వేలిమీద తిప్పి,
మళ్ళీ తిప్పి,
"ఎవరు చేశారిది?" అని టోపీ తీశాడు.
చెప్పలేదు.
చెబితే వర్దెన్‌కి తెలుస్తుంది, సిగ్గుపడతాడు,
డబ్బాలో వెయ్యడం మానేస్తాడు.
తలుపిప్పుడు పిల్లి నడిచినట్టు మూసుకుంటోంది.
పదకొండో అంతస్తు దగ్గర మాత్రం
కాస్త ఆలస్యంగా మూసుకుంటుందని నాకనిపిస్తుంది,
జుంబెర్ అలాంటిదేం లేదంటాడు.

నేనుండేది కింది అంతస్తులో. నాకు లిఫ్టుతో పనిలేదు.
ఈ శుక్రవారం లెక్క అయ్యాక, ఎందుకో,
పదహారో అంతస్తు చూద్దామనిపించింది.
జేబులు తడిమాను, బిళ్ళ లేదు.
జల్లెడలోది ముట్టుకోను, అది మేడది.
వర్దెన్ వాషరు వేశాను.

మింగింది. దగ్గింది. కదిలింది.

పైన ఎవరివో దుప్పట్లు ఆరుతున్నాయి.
వాటి సందులోంచి నది, బూడిదరంగులో, సన్నగా.
ఏ వంటింట్లోనో పుల్లటి ప్లమ్ పళ్ళు వెల్లుల్లితో ఉడుకుతున్నాయి.
దుప్పటి చెంపకి తగిలితే
తడి ఇంకా పోలేదు.
కాసేపు అలాగే నిలబడ్డాను.
దిగడం ఎలాగూ ఊరికే.