గైర్హాజరు

నాలుగు ప్రతులు.
ఒకటి డిపార్ట్‌మెంటుకి, ఒకటి లైబ్రరీకి,
ఒకటి మా గైడు త్రిపురాన మేష్టారికి,
నాలుగోది నాకట.
శ్రీకాకుళం డే అండ్ నైట్ కూడలి వెనక సందులో
కూర్మారావు బైండింగు కొట్టు ముందు
ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను.
మైదా జిగురు వాసన, పైన రేకు మీద వాన,
ఆరీ ఆరని మెరూన్ రెక్సిను.

"ఏటమ్మా, ఇంత లావు రాసినావు, ఏటున్నాదిందులోన?"
బ్రష్షు ఆపకుండానే అడిగాడు.
బడికి రాని పిల్లల గురించి, అన్నాను.
"రానోల గురించే ఇంతున్నాదా!" అని
ఇంకో పూత పూసాడు.

నూట ముప్పై ఆరు పేజీలు, ఐదు అధ్యాయాలు.
పలాస, కాశీబుగ్గ చుట్టూ ఆరు బడులు.
జీడి బట్టీల పొగలోంచి నడిచి వెళ్ళి
నూట ఇరవై మందికి పంచిన ప్రశ్నావళి.
పద్నాలుగో ప్రశ్న నేను రాసాను, మేష్టారు దిద్దారు:
'నీవు పాఠశాలకు హాజరుకాని దినమున ఏమి చేయుదువు?
ఇంటిపని. కూలిపని. అనారోగ్యము. ఇతరములు.
ఒకదానికి మాత్రమే టిక్కు పెట్టుము.'

ఐదో తరగతి డిల్లేశ్వరి
ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుంది.
"మాయమ్మ పిక్కలు కొడతాది, నాను పప్పు తీత్తాను,
తమ్ముడేడిత్తే ఎత్తుకుని తీత్తాను,
జొరమొచ్చినా తీత్తాను.
అన్నిటికీ ఒకటే టిక్కా, టీచరమ్మా?"
ఏదీ పెట్టకుండానే ఇచ్చేసి వెళ్ళింది.
అంచున మాత్రం జీడిసొన బొటనవేలు,
వెనక పేజీదాకా దిగిన మచ్చ.

రెండో కాగితం మజ్జి తవిటయ్యది.
అన్ని ప్రశ్నలకీ 'అవును' అని రాసాడు,
నీ పేరేమి అన్నదానికి కూడా.

రెండూ తీసేయమ్మా, అన్నారు మేష్టారు.
కోపంగా కాదు, కళ్ళజోడు తుడుచుకుంటూ.
అసంపూర్ణ ప్రతిస్పందనలు, పట్టిక చెడుతుంది.
తీసేసాను.
నమూనా పరిమాణం నూట పద్దెనిమిది.
కై వర్గ విలువ సార్థకం.
నాలుగో అధ్యాయం ఆ రాత్రే ముగిసింది,
హాస్టల్లో అందరికీ నేనే టీ ఇప్పించాను.

వైవాలో, బయటి నుంచి వచ్చిన మేడం అడిగారు:
"ఈ అంశమే ఎందుకు ఎంచుకున్నారు?"
పూర్వ పరిశోధనల్లో ఇక్కడొక ఖాళీ ఉందండీ, అన్నాను.
తలలు ఊగాయి.
బల్ల కింద, నా కుడి బొటనవేలిని
ఎడమ చేతి గుప్పిట్లో దాచాను.
ఆ గోరు కింది నలుపు
ఏడో తరగతి సెలవుల్లో మొదలై
బీఈడీ చేరేదాకా వదల్లేదు,
బూడిద పెట్టినా, నిమ్మచెక్క రుద్దినా.
ఇప్పుడు లేదు.
అయినా ఎవరైనా చూస్తే ముందు నేను చూసుకుంటాను.

వాన తగ్గింది. బంగారు అక్షరాలు ఆరాయి.
వెన్ను మీద చోటు చాలలేదట:
'పలాస జీడి కార్మికుల పిల్లల హాజరు.'
"రెండచ్చరాలే గదమ్మా పోయినాయి" అన్నాడు కూర్మారావు.
మూడింటికి మార్పించాను.
నాలుగోది అలాగే ఉండనీ అన్నాను,
డబ్బులు చాలవని చెప్పాను.
అదీ నిజమే.

ఆమదాలవలసలో పాసింజరు గంట లేటు.
కిటికీ పక్కన చోటు దొరికింది.
ఒళ్ళో నా నాలుగో ప్రతి,
దాని చివరి అట్ట లోపల, జిగురు పెట్టించి,
పట్టికలో పట్టని ఆ రెండు కాగితాలు.
పూండి దాటుతుంటే తెరిచి చూసాను.
మచ్చ ఇంకా రెక్సిను దాకా రాలేదు.
వస్తుంది,
జీడిసొన కదా.