కుడి పేజీ

ఆస్గర్ థోరుప్ గురువారాలు వస్తాడు.
నలభై మూడేళ్లు యుట్లాండ్ చర్చిల్లో
ఆర్గన్లకు శ్రుతి చేసిన మనిషి.
జీతం అడగడు. రెండు కప్పుల కాఫీ,
రై రొట్టె మీద ఊరవేసిన హెర్రింగ్ చేప, చాలు.
ఫ్యోర్డ్ ఒడ్డున ఒకప్పుడు చేపల్ని డబ్బాల్లో కుక్కిన షెడ్డు ఇది,
ఇప్పుడు ఇందులో ఆంప్లిఫయర్లు చేస్తాం.
చలికాలం గోడల్లోంచి ఇంకా ఉప్పువాసన వేస్తుంది.
దానికి నా దగ్గర మీటరు లేదు.

నేను సోల్వై. కొలిచే మనిషిని.
నా బల్ల మీద ఆసిలోస్కోపు ఆకుపచ్చగా వెలుగుతుంది,
వక్రీకరణ శాతంలో వెయ్యోవంతు కూడా లేదు.
"ఎలా ఉంది?" అంటాను.
పళ్లలో ఇరుక్కున్న ముల్లు తీసుకుంటూ, కళ్లు మూసుకుని,
"తడిసిన ఉన్ని" అంటాడు.

ఉన్నికి యూనిటు ఏమిటి?

మొదటి ఏడాదంతా పోట్లాటే.
వాళ్ల గురువు అంకెలు చెప్పేవాడు కాదట,
"ఈ గొట్టం అలిగింది, బుజ్జగించు" అనేవాడట.
బుజ్జగించడమంటే గొట్టం మూతిని
వెంట్రుకవాసి లోపలికి వంచడం.
"చూశావా, అదీ కొలతే" అన్నాను.
"అవును, బొటనవేలితో" అన్నాడు.

రెండో ఏడాది నోటుబుక్కు కొన్నాను.
ఎడమ పేజీ అతని మాటకి, కుడి పేజీ నా అంకెకి.

"నీళ్లు కలిపిన పాలు" అన్నాడు.
వెతగ్గా వెతగ్గా రెండొందల హెర్ట్జ్ దగ్గర రెండు డెసిబెల్స్ గుంట.
"కొత్త చెప్పుల కిర్రు" అంటే మూడు వేల దగ్గర చిన్న గూని.
"బల్ల కింద కుక్క పడుకుంది, పెద్దది" అన్న రోజున
ఆంప్లిఫయర్ని విప్పి, బిగించి, మళ్లీ విప్పితే
చివరికి తప్పు గదిదని తేలింది:
నలభై ఆరు హెర్ట్జ్, వెనక మూలన
ఎటూ పోలేక నిలబడిపోయిన అల.
మూలకి పాత పరుపు ఆనించాం.
కుక్క లేచి వెళ్లిపోయింది.

కొనేవాళ్లు "వెచ్చగా ఉంది" అని మురిసిపోతారు.
ఆ వెచ్చదనం అసలు పేరు నాకు తెలుసు: రెండో హార్మోనిక్, అర శాతం.
అచ్చమైన తప్పు. దాన్నే దుప్పటిలా కప్పుకుంటారు,
ధర రెట్టింపు చేస్తే ఇంకాస్త వెచ్చగా.

అందుకే ఒకసారి తెర కట్టాను.
తెర వెనక రెండు తీగలు, ఒకటి పాతకారు ధర పలికేది,
ఇంకొకటి మా టేబుల్ దీపం నుంచి కోసింది.
పన్నెండుసార్లు మార్చాను. ఏడుసార్లు సరిగ్గా చెప్పాడు.
బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది అన్నాను,
కాస్త కసిగానే.
నవ్వాడు. "పన్నెండుసార్లూ నాకు వినపడిందే చెప్పాను.
ఐదుసార్లు నీ తీగ ఒప్పుకోలేదు."
ఆ మాట ఏ పేజీలో రాయాలో తెలియక
రాయలేదు.

ఫిబ్రవరి. ఆఖరి నమూనా.
బ్యాంకు గడువుకి ఇంకా పదిరోజులు.
వింటూ వింటూ తల ఎత్తాడు:
"ఇందులో ఎవరో ఊపిరి బిగబట్టి ఉన్నారు."

మూడు రాత్రులు.
పవర్ సప్లై, ఎర్త్ తీగ, కెపాసిటర్లు ఒక్కొక్కటీ,
టంకం పెట్టిన ప్రతి చుక్కా భూతద్దం కింద.
ఏమీ లేదు. అంకెలు అంకెల్లానే ఉన్నాయి.
నాలుగోరోజు పొద్దున గది మైకు రికార్డింగు మళ్లీ పెట్టాను.
సంగీతం మొదలవక ముందు
అతని కుర్చీ చప్పుడు, సాసరు మీద కప్పు చప్పుడు,
అతని వెనక స్టాప్‌వాచీతో నిలబడ్డ నేను,
నా ఊపిరి,
ఆ తరవాత నలభై సెకన్లు
అది లేదు.

కుడి పేజీలో రాశాను: నలభై సెకన్లు.

ఇవాళ వానలో తడిసి వచ్చాడు. కోటు ఉన్నిదే.
కొత్త మోడల్ పెట్టాను. అతని కంటే ముందు నేనే
నోరు జారాను:
"పైన బాగానే ఉంది, మధ్యలోనే కాస్త
ఉడకని బంగాళాదుంపలా..."

ఆస్గర్ కప్పు కింద పెట్టాడు.
చాలా మర్యాదగా అడిగాడు:
"ఎన్ని డెసిబెల్స్?"